ఎర్రమూత సీసా

కంచం ముందు కూర్చున్నా తమ్ముడు జోయల్ వేళ్ళు ఆగడం లేదని కనిపెట్టిన రోజునుంచి జోస్నాకు తిండి సయించలేదు. వాడు కుడిచేత్తో తింటూ టీవీలో ఉద్యమం వార్తలు చూస్తూ ఉంటాడు. తొడమీద పెట్టుకున్న ఎడమచేతి వేళ్ళు మాత్రం వాటి పనిలో అవి ఉంటాయి. ఆగినట్టే ఆగి, మళ్ళీ మొదలు. ఇంకో ఇంట్లో అయితే "కుదురుగ కూసోరా" అని ఓ మొట్టికాయ వేసి ఊరుకునేవారు. ఆ ఇంట్లో అలా ఊరుకోవడానికి లేదు. ఆ అక్కాతమ్ముళ్ళ నాన్న తీతు చేతులు కూడా అలాగే ఆడటం మొదలుపెట్టాయి.

తీతు తాపీ మేస్త్రి. ఇబ్రహీంపట్నం దగ్గర పల్లెనుంచి వచ్చి ఎల్బీనగర్ కాలనీల్లో ఎన్ని గోడలు లేపాడో ఆయనకే లెక్క తెలియదు. నలభై నిండకుండానే చెయ్యి ఊగడం మొదలైంది. తరవాత భుజం, ఆ తరవాత కాలు. నడిస్తే తాగినవాడు తూలినట్టు ఉండేది. చుక్క ముట్టని మనిషిని తాగుబోతని పనిలోంచి తీసేశారు. అది చాలదన్నట్టు, చర్చిలో ప్రభురాత్రి భోజనం నాడు ద్రాక్షరసం గిన్నె చేతికిస్తే పక్కావిడ తెల్లచీర మీద ఒలకబోశాడు. సంఘ పెద్దలు కూడి, తాగి దేవుడి సన్నిధికి వచ్చాడని తేల్చి, ఆయన్ను ఆ భోజనపు బల్లకు దూరం పెట్టారు. ఒక్కడైనా దగ్గరికొచ్చి నోటి వాసన చూసి ఉంటే సరిపోయేది. పెద్దమనుషులు కదా, వాసనలు చూడరు, తీర్మానాలే చేస్తారు.

అన్నిటికంటే భయంకరమైన సంగతి ఏమిటంటే, తను ఊగుతున్నట్టు తీతుకే తెలియదు. "నేను నిమ్మళంగనే ఉన్న గదా, మీకే కండ్లు తిరుగుతున్నయి" అనేవాడు. ఇంట్లోవాళ్ళ మీద కోపం తెచ్చుకునేవాడు. దవాఖానలో డాక్టరు అది కూడా జబ్బులో భాగమేనని చెప్పాడు. హంటింగ్టన్ వ్యాధి అన్నాడు. ఒక్క జన్యువు చెడిపోయి, మెదడును కొంచెం కొంచెంగా తినేస్తుంది. మందు లేదు. తండ్రికుంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చేదీ రానిదీ సగం సగం. రక్తపరీక్షలో తేలిపోతుంది.

తీతు పోయి ఏళ్ళు గడిచాయి. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆ పరీక్ష చేయించుకోలేదు. జోయల్ దాని ఊసెత్తితే నవ్వేసేవాడు. జోస్నాది ఇంకో రకం. ఆ జబ్బు మీదే పరిశోధనకు చేరింది, దాని గురించి ఎంత చదవాలో అంతా చదివింది, తన రక్తం మాత్రం ఇవ్వలేదు. ముప్ఫై ఏళ్ళు వచ్చాయి, ఇంకా రాలేదంటే నాకు లేనట్టే అని తనకు తనే సర్టిఫికెట్టు ఇచ్చుకుంది. పుస్తకంలో అలా ఎక్కడా లేదని ఆమెకు తెలుసు. భయం ఎంత చదువుకున్నవాళ్ళనైనా ఇట్టే మూర్ఖుల్ని చేస్తుంది.

ఆమె పనిచేసేది దిల్‌సుఖ్‌నగర్ వెనకవీధిలో, రెండు కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న చిన్న పరిశోధన సంస్థలో. దాన్ని నడిపే రామమోహనరావు గారు గుంటూరు మనిషి. చెడిపోయిన జన్యువు నోరు నొక్కడం ఆయన పని. జన్యువు పంపే కబురును మధ్యలోనే తుంచేసే చిన్న పోగు ఒకటి ఉంటుంది. దాన్ని ఊరికే ఒంట్లోకి పంపితే నెత్తురులోనే చిరిగిపోతుంది, మెదడు గడప తొక్కదు. అందుకని వెంట్రుకలో వెయ్యోవంతు కూడా లేని నానో కణాల్లో ఆ పోగును చుట్టి, ముక్కులో చుక్కలుగా వేస్తారు. ముక్కునుంచి మెదడుకు దగ్గర దారి ఉంది. ఇదంతా ఇంకా ఎలుకల మీదే. మనుషుల దాకా రావాలంటే ఎన్నేళ్ళు పడుతుందో ఆయనే చెప్పలేడు.

ఎలుకలుండేది తుర్కయంజాల్లో, సాగర్ రోడ్డు మీద ఒక షెడ్డులో. మనిషి జబ్బునే వాటికి పుట్టుకతో అంటించారు. మూడు రంగుల మూతల సీసాలు ఉంటాయి. ఎర్రది, నీలిది, తెల్లది. ఏ రంగులో ఎంత మందు ఉందో, ఏ రంగులో ఉత్త కణాలే ఉన్నాయో రావు గారికి తప్ప ఎవరికీ తెలియదు. చుక్కలు వేసేదీ, తరవాత వీడియోలు చూసి మార్కులు వేసేదీ జోస్నా. ఎలుకను తోకపట్టి ఎత్తితే ఆరోగ్యంగా ఉన్నది కాళ్ళు చాపుతుంది, జబ్బుది ముడుచుకుంటుంది. నడకలో తడబాటు ఉంటే దానికో మార్కు, కుదుపు ఉంటే దానికో మార్కు. సున్నా అంటే బాగున్నట్టు, నాలుగంటే పోయినట్టు. ఎవరిని చూస్తున్నామో తెలియకుండా చూడాలి, తెలిస్తే కంటికి ఆశ పుడుతుంది అనేవారు రావు గారు. ఆ పద్ధతి జోస్నాకు ఎంత అలవాటైందంటే బస్టాపులో నిలబడ్డ జనానికి కూడా మనసులో మార్కులు వేసేది.

అది సకల జనుల సమ్మె నడుస్తున్న కాలం. బస్సులు లేవు, బడులు లేవు, బొగ్గు లేక కరెంటూ లేదు. ల్యాబునుంచి సీసాలు తీసుకుని షేర్ ఆటోలో ఎల్బీనగర్ దాకా రావడమే ఒక యుద్ధం. అక్కడినుంచి తుర్కయంజాల్ పోవడానికి ఏ దారి తెరిచి ఉంటుందో ఏది మూసి ఉంటుందో ఎవరికీ తెలియదు.

"మీ ఇల్లు దారిలోనే కదమ్మా. సీసాలు ఐసు పెట్టెలో మీ ఇంట్లోనే పెట్టుకో. దారి దొరికిన రోజు వెళ్ళి వేసి రా" అన్నారు రావు గారు. వెళ్ళబోతుంటే మళ్ళీ పిలిచారు. "జాగ్రత్తమ్మా. ఈ మధ్య నీ చేతిలో గాజుసామాను తెగ పగులుతోంది. ఏమిటి సంగతి?"

"ఆటోల్లో తిరిగి తిరిగి అలసిపోతున్నాను సార్" అంది జోస్నా.

అలా థర్మాకోల్ పెట్టె ఆ ఇంటికి చేరింది. దాంతో పాటు దెయ్యం కూడా చేరింది.

ఎందుకంటే ఎర్రమూత పనిచేసింది. ముడుచుకునే ఎలుకలు కాళ్ళు చాపాయి. కడ్డీ మీంచి దబ్బున పడేవి దాని చివరిదాకా నడిచాయి. ఆ వీడియోలకు మార్కులు వేసి, తరవాత ఏ ఎలుకకు ఏ రంగు వేసిందో తిప్పి చూసుకున్న రోజున జోస్నా ల్యాబు బాత్రూములోకి పోయి ఏడ్చింది. వారం తిరక్కుండా అదే ఎర్రమూత ఎలుకలు ఒక్కొక్కటే చచ్చిపోవడం మొదలుపెట్టాయి. ముందు రోజు చలాకీగా తిరిగినవే తెల్లారేసరికి పక్కకు ఒరిగి ఉండేవి.

"ఆపాల్సిన జన్యువుతో పాటు ఆపకూడనిది కూడా ఆగిపోతోందేమో" అన్నారు రావు గారు, మొహం పాలిపోయి. "లేదా షెడ్డులో ఏసీలు ఆగి ఉక్కకు పోయాయో. కరెంటు సరిగ్గా ఉంటే కదా తేలేది. పరీక్షలు చేయిద్దాం. అందాకా ఎర్రది ఎవరూ ముట్టుకోకండి."

లేదా ఉక్కకు. ఆ మాటను జోస్నా గట్టిగా పట్టుకుంది. నీలిమూత ఎలుకలు అదే షెడ్డులో, అదే ఉక్కలో బతికే ఉన్నాయి కదా అని లోపలినుంచి ఎవరో అడిగితే, వాళ్ళ నోరు నొక్కేసింది. ఎర్రదే బలమైన మందై ఉంటుంది, బలమైన మందు వేసినవాటికి ఉక్క తట్టుకోవడం కష్టమేమో, మనిషికి ఫ్యాను ఉంటుంది, మనిషి పెద్దవాడు, నీళ్ళు తాగుతాడు. ఇలాంటి వాదన ఇంకెవరైనా చేసి ఉంటే కడిగి పారేసేది. తనదే కాబట్టి ముద్దొచ్చింది.

ఒక మధ్యాహ్నం తల్లి ఎలీశమ్మ బియ్యం ఏరుతూ, ఐసు పెట్టె వంక చూసి అడిగింది. "గా మందు ఎలుకలకు నయం చేసిందన్నవు గద బిడ్డా. మనింట్లకు పనికిరాదా?"

జోస్నా పెట్టెకు అడ్డంగా జరిగింది. "నీకూ కనవడ్డదా అమ్మా?"

ఎలీశమ్మ తలెత్తి కూతురి వైపు చాలాసేపు చూసింది. ఏదో చెప్పబోయి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. మంచాన పడ్డ మొగుణ్ణి ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉన్న మనిషి. ఆమె కంటికి కూడా ఆనిందంటే ఇంక అనుమానం లేదు. జోయల్‌కు వచ్చేసింది. ఇరవై నాలుగేళ్ళకే వచ్చేసింది.

ఆ పూట జోస్నా నిర్ణయించుకుంది. ఎర్రమూతే వెయ్యాలి.

ఆదివారం ఎలీశమ్మ ఉపవాస ప్రార్థనకు పోయింది. జోయల్ పొద్దున్నే ఎల్బీనగర్ చౌరస్తాకు పోయి, నినాదాలు చేసి చేసి గొంతు పోగొట్టుకుని, ముక్కు కారుతూ వచ్చాడు. వాడు దిల్‌సుఖ్‌నగర్‌లో సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తాడు. షాపు మూసి ఉండటంతో పగలంతా ఉద్యమం పాటల ధూంధాం బృందంతోనే తిరుగుడు.

"జలుబు జేసింది గదరా. ముక్కుల చుక్కలేస్త, పండుకో" అంది జోస్నా. తన గొంతు అంత మామూలుగా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"ఎయ్యి మల్ల. నా అక్క సైంటిస్టు గదా, పుకట్ల ఇలాజ్, పైస ఖర్చు లేదు" అని నవ్వి, చాప మీద వెల్లకిలా పడుకుని, తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు.

ఏం మందు అని అడగలేదు. చిన్నప్పుడు జ్వరానికి చేదుమందు పోస్తుంటే కూడా అలాగే కళ్ళు మూసుకుని నోరు తెరిచేవాడు. జోస్నా ఎర్రమూత తీసింది. ఎలుకకు ఎంతో మనిషికి ఎంతో ముందే లెక్కకట్టి పెట్టుకుంది. పిపెట్‌లోకి మందు పీల్చి వాడి తల పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. చెయ్యి వణకలేదు. కనీసం ఆమెకు వణుకుతున్నట్టు అనిపించలేదు. వాడి ముక్కు దగ్గరికి తెచ్చి, దేవుడా అనుకుంది.

జోయల్ ఫోన్ మోగింది. వాడు దిగ్గున లేచి కూర్చున్నాడు. అవతలివాడి మాట వింటూనే చెప్పులు వెతుక్కున్నాడు.

"పోలీసులొచ్చిండ్రంట, మనోళ్ళను బండ్లల్ల ఎక్కిస్తున్నరంట. పోయొస్తక్కా. ఒచ్చినంక ఎయ్యి." గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి జేబులోంచి చిన్న మెమరీ కార్డు తీసి ఇచ్చాడు. "మొన్నటి వంటావార్పు వీడియో గిండ్ల ఉన్నది. నీ ల్యాప్‌టాప్‌ల ఎక్కించి పెట్టు, రేపు చానలోళ్ళకియ్యాలె. అమ్మకు మాత్రం సూపెట్టకు, సంపుతది."

పిపెట్‌లో మందు అలాగే ఉంది. జోస్నా దాన్ని సీసాలోకి తిరిగి వదిలి, మూత పెట్టి, ల్యాప్‌టాప్ తెరిచింది. మంచిదే అయింది అనుకుంది. మందు వేసేముందు పద్ధతి ప్రకారం వాడికీ ఒకసారి మార్కులు వెయ్యాలి, లేకపోతే రేపు తగ్గిందో పెరిగిందో ఎలా తెలుస్తుంది? దొంగతనంగా తమ్ముడి ముక్కులో ఎలుకల మందు వెయ్యబోతున్న మనిషికి పద్ధతి గుర్తొచ్చింది.

చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మధ్యలో పొయ్యిలు, పొగ, జనం. ఎవరో లారీ మీదికెక్కి తీశారు. కింద బృందం ఆడుతోంది. మధ్యలో జోయల్. వాడి మెడలో డప్పు.

జోస్నా నోరు తెరుచుకుని చూసింది. పల్లెలో చావులకూ జాతరలకూ డప్పు కొట్టడం వాళ్ళ తాతల వంతు. ప్రభువును నమ్ముకున్నాక ఆ ఇంట్లో దాన్ని ముట్టినవాళ్ళు లేరు, ఎలీశమ్మ పేరే ఎత్తనివ్వదు. వీడు ఉద్యమంలో పడి ఎవరి దగ్గరో నేర్చుకున్నాడు. ఎడమచేతిలో సన్నపుల్ల. ఆ పుల్ల మీద వేళ్ళు ఎలా ఆడుతున్నాయంటే, అన్నం తినేటప్పుడు తొడమీద ఆడినట్టే. అదే వరస, అదే ఆగడం, అదే మొదలు. అమ్మకు వినబడకుండా ఇంట్లో చప్పుడు లేకుండా సాధన చేస్తున్నాడు వెధవ. పాట ఆగింది. జోయల్ కాళ్ళు, భుజాలు, వేళ్ళు అన్నీ ఒక్క దెబ్బకు ఆగిపోయాయి. బొమ్మలా నిలబడ్డాడు. జోస్నా ఆ ముక్క వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది, ఇంకోసారి చూసింది. సున్నా. ఎటు చూసినా సున్నా.

ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చేతులెత్తి దణ్ణం పెట్టింది. తమ్ముడు బాగున్నాడు. ఆ సంతోషంలో వీడియో ఆపడం మరిచిపోయింది.

బృందం డప్పులు తీసుకుని వెళ్ళిపోయింది, వీడియో ఆగి, కాసేపటి తరవాతి ముక్క మొదలైంది. కాలనీ ఆడవాళ్ళు రోడ్డు మీద బతుకమ్మ పెట్టి చుట్టూ తిరుగుతున్నారు. ఎండకు అందరూ తలమీంచి గులాబీ కండువాలు కప్పుకున్నారు. పైనుంచి చూస్తే ఎవరెవరో తెలియదు. వంగి ఒక చప్పట, లేచి ఒక చప్పట. జోస్నా కళ్ళు తుడుచుకుంటూ చూస్తోంది, అలవాటైన కన్ను తన పని తను చేసుకుపోతోంది. ముందున్నావిడ సున్నా. ఆ పక్కది సున్నా. లావుపాటావిడ మోకాలినొప్పి, అంతే, సున్నా. ఆ వెనకున్నామె చప్పట ఒక క్షణం ఆలస్యం. మళ్ళీ ఆలస్యం. ఎడమకాలు అడుగు వెయ్యబోయి పక్కకు జారి సర్దుకుంది. భుజం దానంతటదే ఎగిరింది. పాట అయిపోయి అందరూ చేతులు దించారు. ఆమె వేళ్ళు మాత్రం పక్కన వేలాడుతూ, గాలిలో ఏవో మీటుతున్నట్టు ఆడుతూనే ఉన్నాయి.

"మూడు" అంది జోస్నా పైకే. "పాపం, ఎవరో."

ఆమె కండువా జారింది. సర్దుకోవడానికి తలెత్తింది.

జోస్నాకు ముందు అర్థం కాలేదు. ఆ మొహం బాగా తెలిసిన మొహం, ఎక్కడ చూశానా అనుకుంది. తరవాత తెలిసింది, రోజూ అద్దంలో చూసే మొహమే. ఆ రోజు డప్పుల బృందం వెళ్ళిపోయాక తనూ వెళ్ళింది. "సప్పట్లు కొట్టు గని పూలకు మొక్కకు బిడ్డా" అని తల్లి చెప్పి పంపింది. తను చక్కగా ఆడానే అనుకుంది. ఇప్పటికీ అలాగే అనిపిస్తోంది. ఒడిలో ఉన్న చేతుల్ని చూసుకుంది. నిమ్మళంగానే ఉన్నాయి. లేక అలా కనబడుతున్నాయా? తండ్రి కూడా నేను నిమ్మళంగనే ఉన్న అనేవాడు.

పగిలిన గాజుసామాను గుర్తొచ్చింది. బియ్యం ఏరుతూ తల్లి చూసిన చూపు గుర్తొచ్చింది. ఎలీశమ్మ అడిగింది జోయల్ కోసం కాదు.

లేచి థర్మాకోల్ పెట్టె దగ్గరికి పోయింది. ఎర్రమూత తీసింది. ఇంక తమ్ముడు లేడు, మొహమాటం లేదు, మోసం లేదు. మందు చేతిలో ఉంది, జబ్బు ఒంట్లో ఉంది. ఇంతకంటే సులువేముంది? పిపెట్ నింపి, తల వెనక్కి వాల్చి, ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

వెయ్యలేకపోయింది.

పక్కకు ఒరిగిన ఎలుకలు కళ్ళముందుకొచ్చాయి. వాటి తెరిచిన నోళ్ళు, బిగిసిన పాదాలు. అదే ఉక్కలో బతికే ఉన్న నీలిమూత ఎలుకలు వచ్చాయి. ఇన్నాళ్ళూ పేర్చుకున్న వాదన ఒక్కటీ నిలబడలేదు. తమ్ముడి ముక్కుకైతే ఉక్కకు చచ్చాయి. తన ముక్కుకైతే మందుకే చచ్చాయి. ఒక గంట కిందట, కళ్ళు మూసుకుని నవ్వుతూ పడుకున్న పిల్లాడి ముక్కులో, ఏ జబ్బూ లేనివాడి ముక్కులో దీన్ని వెయ్యబోయింది. ఫోన్ మోగకపోతే వేసేసేది. ఆ తలపు జబ్బుకంటే ఎక్కువ భయపెట్టింది. పిపెట్ జారి నేలమీద పడింది.

జోయల్ తిరిగొచ్చేసరికి ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. పెట్టెకు మూత పెట్టి, చుట్టూ టేపు వేసి ఉంది.

"అందర్ని ఇడిసిపెట్టిండ్రు, పరేషానేం లేదు" అంటూ వాడు వచ్చి మళ్ళీ చాప మీద పడుకుని తల వాల్చాడు. "ఎయ్యక్కా నీ చుక్కలు. ముక్కు తెరుస్తలేదు."

"నీకు అక్కర్లేదురా."

"ఏందక్కా, గట్లంటవ్?" కళ్ళు తెరిచి, ఆమె మొహం చూసి లేచి కూర్చున్నాడు. "ఏడ్చినవా? ఏమైంది? అమ్మకేమన్న అయిందా?"

కాదని తల ఊపింది. వాడు దగ్గరికి జరిగి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"గీ చెయ్యేంది గిట్ల ఆడుతున్నది?"

"భయమైతున్నదిరా" అంది. అది నిజమే. భయమొక్కటే అవునో కాదో మాత్రం ఆమెకు తెలియదు, ఆమెకు తెలిసే వీల్లేదు కూడా.

"నేనున్న గదా" అని వాడు ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టి గట్టిగా నొక్కిపట్టుకున్నాడు. జోస్నా చేతివైపు చూడలేదు. చూసినా లాభం లేదు. అది ఆగిందో లేదో తెలుసుకోవడానికి తమ్ముడి మొహంలోకి చూస్తూ కూర్చుంది.